చిన్నపేగులో బ్యాక్టీరియా పెరిగిపోతే: సిబోపై తరచుగా అడిగే ప్రశ్నలు

సిబో అంటే అసలు ఏమిటి?

పేగుల్లో బ్యాక్టీరియా ఉండటం జబ్బేమీ కాదు. ఉండాల్సిన చోట ఉన్నంతకాలం అవి మనకు పనికొచ్చేవే. వాటి అసలు చోటు పెద్దపేగు. అక్కడి పదార్థంలో ఒక్క మిల్లీలీటరుకు 10,000 కోట్లకు పైగా ఉంటాయి. చిన్నపేగు పైభాగంలో మాత్రం మిల్లీలీటరుకు మామూలుగా 1,000 కూడా ఉండవు. తిన్నది జీర్ణమై ఒంటికి పట్టేది చిన్నపేగులోనే కనుక అక్కడ అవి పలచగా ఉండటమే మంచిది.

ఆ సంఖ్య హద్దు మీరితే మనకు దక్కాల్సిన పిండిపదార్థాలనూ చక్కెరలనూ బ్యాక్టీరియా ముందే పులియబెట్టేస్తాయి. గ్యాస్ పుడుతుంది, పొట్ట ఉబ్బుతుంది, విరేచనం తీరు మారుతుంది. దీన్నే సిబో (స్మాల్ ఇంటెస్టైనల్ బ్యాక్టీరియల్ ఓవర్‌గ్రోత్) అంటున్నారు. హద్దు ఎక్కడ అన్నదానిపై వైద్యుల లెక్క కాలంతోపాటు మారింది. చిన్నపేగు ద్రవంలో మిల్లీలీటరుకు 1,00,000 దాటితేనే సిబో అని ఒకప్పుడు అనేవారు. ఉత్తర అమెరికా నిపుణుల బృందం 2017లోనూ, అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 2020లోనూ ఆ హద్దును 1,000కి దించాయి.

ఒక సంగతి మొదట్లోనే చెప్పాలి. సిబో చాలావరకు దానంతటది పుట్టే జబ్బు కాదు, మరేదో లోపానికి ఫలితం. ఆ లోపం ఏమిటో తేల్చకుండా బ్యాక్టీరియాను మాత్రమే చంపుకుంటూ పోతే, మూడు నెలలకో ఆరు నెలలకో మళ్లీ అదే డాక్టరు దగ్గర కూర్చోవాల్సి వస్తుంది.

బ్యాక్టీరియా చిన్నపేగులో ఎందుకు పెరుగుతుంది?

అక్కడ పెరగకుండా శరీరం చాలా ఏర్పాట్లే చేసుకుంది. ఆహారంతో లోపలికొచ్చే సూక్ష్మజీవుల్లో చాలావాటిని కడుపులోని ఆమ్లం చంపేస్తుంది. పైత్యరసం, క్లోమం నుంచి వచ్చే ఎంజైములు ఇంకొన్నిటిని అణచిపెడతాయి. పేగు గోడ వదిలే ఐజీఏ యాంటీబాడీలు బ్యాక్టీరియాను గోడకు అంటుకోనివ్వవు. చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోట ఉన్న కవాటం కిందివి పైకి ఎగబాకకుండా చూస్తుంది.

వీటన్నిటికంటే ముఖ్యమైనది పేగు కదలిక. మనం ఏమీ తినని సమయంలో, సుమారు ప్రతి 90 నుంచి 120 నిమిషాలకు ఒకసారి, కడుపు నుంచి చిన్నపేగు చివరిదాకా బలమైన సంకోచాల అల ఒకటి సాగుతుంది. మిగిలిపోయిన ఆహారపు తునకలను, బ్యాక్టీరియాను ఇల్లు ఊడ్చినట్టు కిందికి తోసేస్తుంది. ఆకలి వేసినప్పుడు పొట్టలో వినిపించే గుడగుడలో దీని పాత్ర ఉంది. ఏదైనా తినగానే ఈ అల ఆగిపోతుంది.

ఈ ఏర్పాట్లలో ఏది దెబ్బతిన్నా సిబోకు దారి ఏర్పడుతుంది. ఎక్కువకాలంగా ఉన్న మధుమేహం పేగు నరాలను పాడుచేస్తే కదలిక మందగిస్తుంది. చర్మం, లోపలి అవయవాలు గట్టిపడే స్క్లెరోడెర్మా, పార్కిన్సన్స్, థైరాయిడ్ తగ్గడం, మార్ఫిన్ జాతి నొప్పి మందులు కూడా అదే పని చేస్తాయి. పొట్ట ఆపరేషన్ల తర్వాత పేగులు ఒకదానికొకటి అతుక్కున్నా, క్రోన్స్ వ్యాధిలో పేగు ఇరుకైనా, చిన్నపేగు గోడకు సంచుల్లాంటి ఉబ్బులు వచ్చినా ఆహారం అక్కడక్కడ నిలిచిపోతుంది. కడుపు బైపాస్ ఆపరేషన్ తర్వాత పేగులో ఒక భాగం ఆహారం దారి నుంచి తప్పుకుంటుంది కనుక అక్కడ బ్యాక్టీరియా నిలదొక్కుకోవచ్చు. దీర్ఘకాలిక క్లోమ వాపు, లివర్ సిర్రోసిస్, రోగనిరోధక శక్తి లోపాలు, పొట్టకు ఇచ్చిన రేడియేషన్ కూడా ఈ జాబితాలోవే.

ఎసిడిటీ మాత్రలు ఏళ్ల తరబడి వాడుతున్నాను. వాటివల్ల వచ్చిందా?

వచ్చి ఉండొచ్చు, కానీ నేరం మొత్తం వాటి మీదకు నెట్టలేం. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి మందులు కడుపులో ఆమ్లాన్ని బాగా తగ్గిస్తాయి కాబట్టి బ్యాక్టీరియాకు దారి కొంత సులువవుతుంది. ఈ మందులు వాడేవారిలో సిబో కొంత ఎక్కువగా కనిపిస్తుందని చాలా అధ్యయనాలు చెప్పాయి. అందరిలో మాత్రం రాదు, ఫలితాలు కూడా అన్నిచోట్లా ఒకేలా లేవు.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఆ మాత్ర మీకు ఇప్పటికీ అవసరమా? కొన్ని వారాలకని మొదలుపెట్టిన మందు ఎవరూ ఆపమనకపోవడం వల్ల ఏళ్లపాటు సాగడం చాలా మామూలు. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. రక్తస్రావమైన అల్సర్, అన్నవాహికలో తీవ్రమైన పుండు, రక్తం పలచబడే మందులు లాంటి కారణాలుంటే ఆ మాత్ర అత్యవసరం కావచ్చు.

లక్షణాలు ఎలా ఉంటాయి?

కడుపుబ్బరం, గ్యాస్, పొట్టలో నొప్పి లేదా బరువు, నీళ్ల విరేచనాలు. కొందరిలో మలబద్ధకం. ఇవన్నీ ఇంకా ఎన్నో జబ్బుల్లోనూ ఉండేవే. లక్షణాలు విని సిబో అని తేల్చడం ఎంత అనుభవం ఉన్న డాక్టరుకైనా సాధ్యం కాదు.

తీవ్రమైన కేసుల తీరు వేరు. బ్యాక్టీరియా పైత్య లవణాలను విడగొట్టేయడంతో కొవ్వు సరిగా జీర్ణం కాదు. మలం జిడ్డుగా, దుర్వాసనతో, నీళ్లలో తేలుతూ వస్తుంది. బరువు తగ్గుతుంది. కొవ్వులో కరిగే ఎ, డి, ఇ విటమిన్లు ఒంటికి పట్టవు. బి12నైతే బ్యాక్టీరియా తామే వాడేసుకుంటుంది. దాంతో రక్తహీనత, కాళ్లూ చేతుల్లో తిమ్మిర్లు వస్తాయి. బి12 తక్కువగా, ఫోలేట్ మాత్రం ఎక్కువగా కనిపించే రక్త పరీక్ష సిబోపై అనుమానానికి ఒక ఆధారం, ఎందుకంటే ఫోలేట్‌ను బ్యాక్టీరియా స్వయంగా తయారుచేస్తుంది.

వయసు పైబడినవారి సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. వారిలో ఉబ్బరం అంతగా లేకుండానే బరువు తగ్గడం, రక్తహీనత, నీరసం మాత్రమే కనిపించొచ్చు. వయసు ప్రభావం అనుకుని వదిలేస్తారు.

తిన్న పది నిమిషాలకే పొట్ట బెలూన్‌లా ఉబ్బుతోంది. ఇది సిబోయేనా?

అది ఒక్కటే ఆధారమైతే చెప్పలేం. అంత త్వరగా వచ్చే ఉబ్బరానికి గాలి మింగడం, కడుపు నెమ్మదిగా ఖాళీ కావడం, పేగు నరాల అతిసున్నితత్వం లాంటి కారణాలు చాలా ఉన్నాయి.

నాకు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, అంటే పేగులో పైకి కనిపించే లోపం లేకుండానే పొట్టనొప్పి, విరేచనంలో తేడాలు ఉండే సమస్య) అన్నారు. అది నిజానికి సిబోనా?

ఈ రంగంలో ఇరవై ఏళ్లకు పైగా నలుగుతున్న వివాదం ఇది. లాస్ ఏంజెలెస్‌లోని సీడర్స్-సైనాయ్ వైద్యకేంద్రానికి చెందిన మార్క్ పిమెంటెల్ బృందం 2000లో ఒక పరిశోధన ప్రచురించింది. తాము పరీక్షించిన ఐబీఎస్ రోగుల్లో 78 శాతం మందికి శ్వాస పరీక్షలో సిబో కనిపించిందని అందులో రాశారు. అది సంచలనమైంది. తర్వాత వేరే బృందాలు వేరే పద్ధతుల్లో చూసినప్పుడు చాలాచోట్ల అంతకన్నా బాగా తక్కువ సంఖ్యలు వచ్చాయి. ఎంచుకున్న పరీక్షను బట్టే జవాబు మారుతోందన్నది విమర్శకుల వాదన. అందులో నిజం ఉంది.

ఫుడ్ పాయిజనింగ్ తర్వాత మొదలయ్యే ఐబీఎస్ విషయంలో ఒక ఆసక్తికరమైన వివరణ ఉంది. కాంపైలోబ్యాక్టర్ లాంటి క్రిములు వదిలే ఒక విషానికి వ్యతిరేకంగా శరీరం యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి పొరపాటున మన పేగు నరాల్లో ఉండే విన్‌క్యులిన్ అనే ప్రోటీన్‌పైనా దాడిచేస్తాయి. దాంతో పేగును శుభ్రం చేసే కదలిక దెబ్బతిని బ్యాక్టీరియా పెరుగుతుంది. ఇది అదే బృందం ముందుకు తెచ్చిన సిద్ధాంతం. ఐబీఎస్ మొత్తానికి ఇదే కారణమని ఎవరైనా చెబితే నమ్మకండి. విరేచనాలతో కూడిన ఐబీఎస్ ఉన్నవారిలో కొందరికి సిబో కూడా ఉంటుందన్నంత వరకు నమ్మొచ్చు.

శ్వాస పరీక్ష ఎలా చేస్తారు?

మన శరీర కణాలు హైడ్రోజన్‌ను గానీ మీథేన్‌ను గానీ తయారుచేయవు. ఊపిరిలో అవి కనిపిస్తే పేగుల్లోని సూక్ష్మజీవుల నుంచి రక్తంలోకి, అక్కడినుంచి ఊపిరితిత్తుల్లోకి వచ్చినట్టే. పరీక్షకు ఆధారం ఇదే. 75 గ్రాముల గ్లూకోజ్ లేదా 10 గ్రాముల లాక్ట్యులోజ్ కలిపిన నీళ్లు తాగించి, రెండు మూడు గంటలపాటు కొంత కొంత విరామంతో సంచిలోకి గానీ గొట్టంలోకి గానీ ఊదిస్తారు. మొదటి 90 నిమిషాల్లోపు హైడ్రోజన్ ప్రారంభ స్థాయి కంటే 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20) లేదా అంతకు మించి పెరిగితే సిబో ఉన్నట్టు లెక్క. మీథేన్ ఏ సమయంలోనైనా 10 పీపీఎం, ఆపైన ఉంటే అది మరో రకం. దాని సంగతి కింద ఉంది.

ముందు సిద్ధం కావడంలో తేడా జరిగితే ఫలితం చెడుతుంది. యాంటీబయాటిక్ వాడి నాలుగు వారాలైనా గడవాలి. విరేచనం కావడానికి వాడే మందులు, పేగు కదలిక పెంచే మందులు కనీసం వారం ముందు ఆపాలి, అదీ మీ డాక్టరు సరేనంటేనే. ముందురోజు పీచు, పులిసే పిండిపదార్థాలు తక్కువగా తిని, రాత్రంతా 8 నుంచి 12 గంటలు ఏమీ తినకుండా ఉండాలి. పరీక్ష నడుస్తున్నంతసేపు సిగరెట్ తాగకూడదు, వ్యాయామం చేయకూడదు. మధుమేహం ఉన్నవారు గ్లూకోజ్ తాగాల్సి ఉంటుందని ముందే చెప్పి మందుల విషయం అడగాలి.

ఆ పరీక్షను ఎంతవరకు నమ్మొచ్చు?

సగం నమ్మకంతో చూడటం మేలు. గ్లూకోజ్ చిన్నపేగు మొదటి భాగంలోనే రక్తంలోకి వెళ్లిపోతుంది, కాబట్టి కింది భాగంలో ఉన్న బ్యాక్టీరియా దాకా చేరదు. నిజంగా సిబో ఉన్నా నార్మల్ అని రావొచ్చు. లాక్ట్యులోజ్‌ది దీనికి తలకిందులైన ఇబ్బంది. అది ఒంటికి పట్టదు, చివరికి పెద్దపేగుకు చేరితీరుతుంది. పేగు వేగంగా కదిలేవారిలో 90 నిమిషాలకు ముందే అక్కడికి వెళ్లి, అక్కడ సహజంగా ఉండాల్సిన బ్యాక్టీరియా చేతిలో పడుతుంది. రిపోర్టులో మాత్రం సిబో అని వస్తుంది. లాక్ట్యులోజ్‌తోపాటు స్కాన్ కూడా చేసి, ద్రవం ఎక్కడుందో చూసిన పరిశోధకులకు చాలామందిలో సరిగ్గా ఇదే కనిపించింది.

మరి ఎండోస్కోపీలో చిన్నపేగు ద్రవం తీసి కల్చర్ చేస్తే? సూత్రప్రాయంగా అదే నేరుగా చూసే పద్ధతి. కానీ గొట్టం నోట్లోంచి వెళ్తుంది కనుక అక్కడి క్రిములు కలుస్తాయి, పేగు బ్యాక్టీరియాలో చాలా రకాలు ప్రయోగశాలలో పెరగవు, పైభాగం తప్ప మిగతా పేగు అందదు. ఖర్చు, శ్రమ సరేసరి. అందుకే శ్వాస పరీక్షకు ఇన్ని లోపాలున్నా అదే ఎక్కువగా వాడుకలో ఉంది.

రిపోర్టును ఒంటరిగా చదవకూడదు. మధుమేహం, పాత ఆపరేషన్, బి12 లోపం ఉన్న మనిషికి పాజిటివ్ రావడం వేరు, అప్పుడప్పుడు గ్యాస్ తప్ప ఇంకే బాధా లేని పాతికేళ్ల మనిషికి పాజిటివ్ రావడం వేరు.

నా రిపోర్టులో మీథేన్ ఎక్కువని ఉంది. అదేమిటి?

మీథేన్‌ను తయారుచేసేవి అసలు బ్యాక్టీరియా కావు. అవి ఆర్కియా అనే వేరే జాతి జీవులు. మన పేగుల్లో ముఖ్యమైనది మెథనోబ్రెవిబ్యాక్టర్ స్మిథీ. బ్యాక్టీరియా వదిలిన హైడ్రోజన్‌ను ఇది తింటుంది. నాలుగు హైడ్రోజన్ అణువులు, ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు కలిపి ఒక మీథేన్ అణువు చేస్తుంది. ఇవి పెద్దపేగులోనూ పెరుగుతాయి. అందుకే దీన్ని ఇప్పుడు సిబో అనకుండా పేగుల్లో మెథనోజెన్ల పెరుగుదలగా విడిగా చూస్తున్నారు.

మీథేన్ పేగు కదలికను నెమ్మదింపజేస్తుంది కాబట్టి ఇలాంటివారిలో ఎక్కువగా మలబద్ధకం ఉంటుంది. చికిత్స కూడా మారుతుంది.

ఏ మందులు ఇస్తారు?

హైడ్రోజన్ రకానికి ఎక్కువగా రాసేది రిఫాక్సిమిన్. ఇది రక్తంలోకి దాదాపు వెళ్లదు, పేగులోనే ఉండి పనిచేస్తుంది, పైత్యరసంలో బాగా కరుగుతుంది కనుక చిన్నపేగులో దాని పట్టు ఎక్కువ. మామూలు మోతాదు 550 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, 14 రోజులు. విరేచనాలతో కూడిన ఐబీఎస్‌కు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లో దీన్ని అనుమతించింది. సిబోకు మాత్రం ఆ ఆమోదం లేకుండానే, డాక్టర్ల విచక్షణ మీద వాడుతున్నారు. మందు పనిచేయదని దీని అర్థం కాదు, పెద్ద ఎత్తున నాణ్యమైన పరీక్షలు తక్కువ జరిగాయని.

మీథేన్ రకంలో రిఫాక్సిమిన్ ఒక్కటే చాలదు. దానికి నియోమైసిన్ 500 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు జోడించి 14 రోజులు ఇచ్చినప్పుడు ఫలితం మెరుగ్గా వచ్చింది. నియోమైసిన్ వినికిడిని, మూత్రపిండాలను దెబ్బతీయగల మందు. ఆ సమస్యలు ముందే ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి.

మెట్రోనిడజోల్, సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్, అమోక్సిసిలిన్-క్లావులానిక్ యాసిడ్ కూడా వాడతారు. ఇవి ఒళ్లంతా పనిచేసే మందులు కనుక దుష్ప్రభావాలూ ఎక్కువే. మెట్రోనిడజోల్ పదేపదే వాడితే నరాలు దెబ్బతిని పాదాల్లో తిమ్మిర్లు రావొచ్చు, సిప్రోఫ్లాక్సాసిన్ కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువులకు హాని చేయవచ్చు. ఏ యాంటీబయాటిక్ తర్వాతైనా నీళ్ల విరేచనాలు ఉధృతమైతే అది సి. డిఫిసిల్ అనే పేగు బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ కావొచ్చు, వెంటనే చూపించుకోవాలి.

పరీక్ష లేకుండానే ఒక కోర్సు వాడి చూస్తే పోలేదా?

కొందరు డాక్టర్లు అలా చేస్తారు. కారణం స్పష్టంగా ఉండి, పరీక్ష దొరకని చోట అది అర్థం చేసుకోదగిందే. చిక్కల్లా తర్వాత వస్తుంది. కోర్సుతో బాధ తగ్గితే సిబో అని ముద్రపడుతుంది. నిజానికి మందు పెద్దపేగు బ్యాక్టీరియానూ తగ్గించింది, దానివల్లా గ్యాస్ తగ్గి ఉండొచ్చు. తగ్గకపోతే సిబో కాదని కూడా చెప్పలేం. మిగిలిపోయిన మాత్రలతోనో, ఎవరికో రాసిన చీటీతోనో సొంతంగా వాడటం మాత్రం పూర్తిగా తప్పు.

ఆహారం మార్చుకుంటే నయమవుతుందా?

బాధ తగ్గుతుంది. బ్యాక్టీరియా పోతుందని చెప్పడానికి ఆధారం బలంగా లేదు. ఎక్కువమంది పాటించేది తక్కువ ఫాడ్‌మ్యాప్ ఆహారం. ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఐబీఎస్ కోసం తయారుచేసిన పద్ధతి ఇది. పేగులో త్వరగా పులిసే చక్కెరలున్న ఉల్లి, వెల్లుల్లి, గోధుమ, పాలు, చిక్కుడు జాతి గింజలు, యాపిల్ లాంటివి కొన్నాళ్లు పక్కనపెడతారు. ఆ కొన్నాళ్లు అన్న మాటే ముఖ్యం. రెండు నుంచి ఆరు వారాలు గడిచాక ఒక్కొక్కటీ తిరిగి తింటూ ఏది పడటం లేదో తేల్చుకోవాలి. చాలామంది మొదటి దశలోనే ఆగిపోయి, నెలల తరబడి అరకొర తిండితో బక్కచిక్కి, తినడమంటేనే భయపడే స్థితికి చేరుకుంటారు. డైటీషియన్ సాయంతో చేయడం మంచిదనేది ఇందుకే.

ఎలిమెంటల్ డైట్ అని ఇంకొకటి ఉంది. అమైనో ఆమ్లాలు, గ్లూకోజ్, కొద్దిగా కొవ్వు, విటమిన్లు కలిపిన పొడిని నీళ్లలో కలుపుకొని రెండు వారాలు అదే ఆహారంగా తీసుకోవాలి. పోషకాలు పేగు మొదట్లోనే ఒంటికి పట్టేయడంతో కింద బ్యాక్టీరియాకు తిండి దొరకదు. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో రెండు వారాల తర్వాత 80 శాతం మందికి శ్వాస పరీక్ష నార్మల్‌కు వచ్చింది. రుచి మాత్రం ఘోరం. సగంలో మానేసేవారు ఎక్కువ.

భోజనానికీ భోజనానికీ మధ్య నాలుగైదు గంటలు చిరుతిళ్లు లేకుండా ఉండమనే సలహా శుభ్రపరిచే అల గురించి మనకు తెలిసినదానితో సరిపోతుంది. ఖర్చులేనిది, హాని లేనిది. ఇన్సులిన్ తీసుకునేవారు మాత్రం అడగకుండా చేయకూడదు.

ప్రోబయాటిక్స్ (మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న మందులు) వాడొచ్చా?

ఫలితాలు కలగాపులగంగా ఉన్నాయి. కొన్ని చిన్న అధ్యయనాల్లో మేలు కనిపించింది, కొందరిలో ఉబ్బరం పెరిగింది. చికిత్సగా ఫలానాది వాడమని చెప్పేంత ఆధారం లేదు. ఇప్పటికే వాడుతూ బాధ ఎక్కువైందనిపిస్తే ఆపి చూడండి.

మూలికా మందులతో తగ్గుతుందంటున్నారు, నిజమేనా?

అమెరికాలో 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో మూలికా క్యాప్సూల్స్ వాడినవారిలో 46 శాతం మందికి, రిఫాక్సిమిన్ వాడినవారిలో 34 శాతం మందికి శ్వాస పరీక్ష నార్మల్ అయింది. ఇంటర్నెట్‌లో ఎక్కడ చూసినా ఈ అంకెలే కనిపిస్తాయి. అయితే అందులో ఎవరికి ఏ మందు అన్నది లాటరీ పద్ధతిలో నిర్ణయించలేదు, మనుషులూ తక్కువే. మూలికలకు కూడా దుష్ప్రభావాలుంటాయి, వేరే మందులతో పడకపోవడమూ ఉంటుంది.

తగ్గాక మళ్లీ వస్తుందా?

చాలామందిలో వస్తుంది. రిఫాక్సిమిన్‌తో నయమైనవారిని గమనిస్తూ వెళ్లిన ఒక ఇటలీ అధ్యయనంలో మూడు నెలలకు 13 శాతం, ఆరు నెలలకు 28 శాతం, తొమ్మిది నెలలకు 44 శాతం మందికి తిరిగి వచ్చింది. వయసు పైబడినవారిలో, అపెండిక్స్ తీసేసినవారిలో, ఎసిడిటీ మాత్రలు దీర్ఘకాలం వాడుతున్నవారిలో ఎక్కువగా వచ్చింది.

ఇక్కడే మూలకారణం లెక్కకొస్తుంది. మార్చగలిగినది ముందు మార్చాలి: షుగర్ అదుపు, థైరాయిడ్ మందు మోతాదు, మార్ఫిన్ జాతి మాత్రల తగ్గింపు, అవసరం లేని ఎసిడిటీ మాత్ర. పేగు ఇరుకుగా ఉంటే ఆపరేషన్ వల్ల ఉపయోగం ఉందా అని సర్జన్‌ను అడగాలి. కదలిక లోపం ఉన్నవారికి ప్రుకలోప్రైడ్ గానీ, రాత్రిపూట తక్కువ మోతాదు ఎరిత్రోమైసిన్ గానీ ఇచ్చి చూస్తారు. స్క్లెరోడెర్మా లాంటి మార్చలేని కారణాలుంటే, నెలలో కొన్ని రోజుల చొప్పున యాంటీబయాటిక్స్‌ను మార్చి మార్చి ఇవ్వాల్సి రావొచ్చు. అలాంటివారికి పూర్తిగా నయం చేయడం కంటే బరువు, పోషకాలు నిలబెట్టడమే లక్ష్యం. ఈ మాట ముందే చెప్పే డాక్టరు దొరకడం అదృష్టం.

నయమయ్యాక బాధ లేకపోతే ఊరికే శ్వాస పరీక్ష తిరిగి చేయించుకోవాల్సిన పని లేదు.

ఏ లక్షణాలుంటే ఆలస్యం చేయకూడదు?

మలంలో రక్తం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలేపే విరేచనాలు, ఆగని వాంతులు, యాభై దాటాక కొత్తగా మొదలైన పేగు సమస్య, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్. వీటిలో ఏది ఉన్నా సిబో సంగతి తర్వాత, ముందు మిగతా పరీక్షలు జరగాలి.

పరీక్ష నార్మల్ వచ్చింది, బాధ మాత్రం పోలేదు. ఇప్పుడేం చేయాలి?

సిబో లేదని తేలడం కూడా ఒక సమాచారమే, వెతకాల్సిన దారి మారుతుంది. గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ వ్యాధికి రక్త పరీక్ష ఉంది. అయితే గోధుమ మానేయకముందే చేయించుకోవాలి, మానేశాక చేస్తే తప్పుగా నార్మల్ రావొచ్చు. పాలు పడకపోవడాన్ని ఇదే శ్వాస పరీక్షతో, లాక్టోజ్ ఇచ్చి చూడొచ్చు. పేగు వాపు వ్యాధుల అనుమానం ఉంటే మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే, వాపును పట్టించే ప్రోటీన్‌ను చూస్తారు. పిత్తాశయం తీసేసినవారిలో నీళ్ల విరేచనాలకు పైత్య ఆమ్లాలే కారణం కావొచ్చు, దానికి మందు వేరు. జిడ్డు మలానికి క్లోమం ఎంజైముల లోపం ఒక కారణం.

చాలామంది వినని కారణాలు ఇంకో రెండున్నాయి. ఒకటి, మలవిసర్జన సమయంలో సడలాల్సిన కటి కండరాలు బిగుసుకుపోవడం. లోపలిది పూర్తిగా బయటకు రాక రోజంతా ఉబ్బరంగా ఉంటుంది. దీనికి యాంటీబయాటిక్ ఏ మాత్రం పనికిరాదు, ఫిజియోథెరపీ, కండరాల తీరును పరికరంతో చూపిస్తూ సడలించడం నేర్పే బయోఫీడ్‌బ్యాక్ పనిచేస్తాయి. రెండోది, గ్యాస్ మామూలుగానే ఉన్నా తిన్న తర్వాత డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కిందికి దిగి, పొట్ట గోడ కండరాలు వదులై పొట్ట ముందుకు పొడుచుకురావడం. పొద్దున్న చదునుగా ఉండి సాయంత్రానికి ఆరు నెలల గర్భంలా కనిపించేవారిలో ఇది ఉండొచ్చు. శ్వాస వ్యాయామాలతో దీన్ని సరిచేయవచ్చు. రెండు మూడు యాంటీబయాటిక్ కోర్సులు వాడినా గుణం కనిపించనివారు తర్వాతి కోర్సు మొదలుపెట్టేముందు ఈ రెండింటి గురించి తమ గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్‌ను అడగాలి.